ఏడో నెలలో డిసెంబర్ సెలవులు: సగం పూట చాలు

మాది హైదరాబాద్. పోయిన డిసెంబర్లో నాకు ఏడో నెల. మావాడికి నాలుగేళ్లు దాటి రెండు నెలలు. అంతకుముందు వాడు బుజ్జిగాడే, చిన్నది కడుపులో పడ్డ దగ్గర్నుంచి ఇంట్లో అందరికీ పెద్దోడైపోయాడు. స్కూలుకి 24 నుంచి జనవరి 1 దాకా సెలవులు. మా ఆయనకి ఆఫీసులో దొరికినవి నాలుగు రోజులే. ఈసారి మీ ఇంట్లోనూ ఇదే లెక్కయితే, మేం తప్పు చేసి నేర్చుకున్నది మీకు పనికొస్తుంది.

ఆ తప్పు మొదటిరోజే చేశాం. పొద్దున ఒక పెద్ద పార్కు, మధ్యాహ్నం బయటే భోజనం, సాయంత్రం మాల్లో క్రిస్మస్ ట్రీ, ఇదీ ప్లాన్. అత్తమ్మ చెప్పనే చెప్పింది, "గీ నెలల గంత తిరుగుడు ఎందుకే బిడ్డా" అని. వినలేదు. పన్నెండున్నరకి మా ఆయన కారు తేవడానికి వెళ్లాడు. వీడు "మమ్మీ, ఎత్తుకో" అని మట్టిలో కూర్చున్నాడు. పదహారు కిలోల పిల్లాణ్ణి ఎత్తుకుని యాభై అడుగులు నడిచాను. పొట్ట ఒక్కసారిగా రాయిలా బిగిసింది. వదిలింది, మళ్లీ బిగిసింది. నీళ్ల సీసా కార్లో ఉంది.

వెనక సీట్లో ఎడమవైపు తిరిగి పడుకుని, లీటరు నీళ్లు మెల్లగా తాగి, డాక్టరుకి ఫోన్ చేశాను. రక్తం కనిపించిందా, ఉమ్మనీరు పోతోందా, బిడ్డ కదులుతోందా అని వరసగా అడిగింది. అరగంటలో సర్దుకుంది. నీళ్లు తక్కువై, నడక ఎక్కువై వచ్చిన ఉత్తుత్తి నొప్పులట. "పడుకున్నా తగ్గకుండా గంటలో నాలుగైదుసార్లు వస్తే మాత్రం ఫోన్ చేయకుండా నేరుగా వచ్చేయండి" అంది. మాల్ లేదు, ట్రీ లేదు, పెద్దోడు ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాడు.

ఆ రాత్రే తేల్చుకున్నాం, ఏ రోజైనా బయట తిరగడం సగం పూటే. తొమ్మిదిన్నరకి బయల్దేరడం, ఒంటిగంటకల్లా ఇంట్లో అన్నం తినడం. బయల్దేరే వేళకి పొద్దుటి చలి పోయి ఎండ హాయిగా ఉంటుంది. ఒక రోజుకి ఒకే చోటు. మధ్యాహ్నం వాడు నిద్రపోయినా పోకపోయినా నేను మాత్రం నడుం వాల్చాల్సిందే. ఎత్తుకోవడం నాన్న పని. నా దగ్గరికొస్తే నేను కూర్చుంటాను, వాడు పక్కన కూర్చుంటాడు. రెండు రోజులు గొడవ చేశాడు, తర్వాత అలవాటైంది.

ఊరు తిరిగే ముందు ఇంకో పని ఉంది. మీ డాక్టరు ఏ తేదీల్లో సెలవు పెడుతున్నారో డిసెంబర్ 15 లోపే అడగండి. వాళ్లకీ పిల్లలుంటారు, వాళ్లకీ సెలవులే. మా డాక్టరు 27 నుంచి ఊళ్లో ఉండనని చెప్పి, తన బదులు చూసేవాళ్ల నంబరు ఇచ్చింది. చేయించుకోవాల్సిన స్కాన్, షుగర్ పరీక్ష ఉంటే సెలవుల ముందే ముగించండి. ఫైల్లో ఉన్న ప్రతి కాగితం ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. సీమంతం సంగతి మీకు తెలిసిందే, 16న ధనుర్మాసం వస్తుందని మా అమ్మ డిసెంబర్ మొదటి వారంలోనే గాజులు తొడిగించేసింది.

ఇక ఎక్కడికి వెళ్లాలి? జూపార్కు బాగుంటుంది, కానీ సోమవారం మూసి ఉంటుంది. 25వ తేదీ, ఒకటో తేదీ మాత్రం వద్దు, మనుషులే ఎక్కువ కనిపిస్తారు. 380 ఎకరాల చోటది, అంతా చూడాలనుకోకండి. బ్యాటరీ బండి ఎక్కి, పిల్లాడు అడిగిన మూడు జంతువుల దగ్గర దిగి, వచ్చేయండి. మావాడికి పులి, ఏనుగు, ఇంకో పులి.

నాకు బాగా నచ్చింది సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు. అక్కడ బొమ్మలు గంటలు కొట్టే పాత గడియారం ఒకటి ఉంది, మేం పదకొండున్నరకల్లా దాని ముందు చేరిపోయాం. కూర్చోవడానికి చోటుంటుంది, ఏడో నెలలో దానికంటే పెద్ద ఆకర్షణ ఏముంటుంది! గడియారంలో ఒక కమ్మరి సుత్తితో సెకను సెకనుకీ కొడుతూనే ఉంటాడు. గంట కాగానే తలుపు తీసుకుని గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట మోగిస్తుంది. పన్నెండింటికి వెళ్తే పన్నెండు దెబ్బలు. పెద్దోడు వేళ్లమీద లెక్కపెడుతూ పది దాటాక వేళ్లు అయిపోయి, నా చెయ్యి లాక్కుని మిగతా రెండూ లెక్కపెట్టాడు. తర్వాత రెండు గదులు చూసి బయటికొచ్చేశాం. మిగతావి ఎక్కడికీ పోవు.

డిసెంబర్ రెండో సగంలో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన ఉంటుంది. అది మధ్యాహ్నం మొదలవుతుంది కాబట్టి ఆ ఒక్కరోజు మాత్రం పొద్దున పడుకుని, మధ్యాహ్నం బయల్దేరండి. ఆదివారం కాకుండా వారం మధ్యలో, తెరవగానే వెళ్లాలి. మెట్రోలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర దిగి ఆటో ఎక్కితే సరి, స్టేషన్లో లిఫ్ట్ ఉంటుంది. దుమ్ము లేస్తుంది, మాస్కు పెట్టుకోండి. మేం ‘మంచి పుస్తకం’ వాళ్ల బొమ్మల పుస్తకాలు ఆరు కొన్నాం. హాస్పిటల్లో ఉండే రోజుల కోసం రెండు దాచిపెట్టాను.

ఇంట్లో గడిపే సగం పూటలకి పెద్ద ఖర్చేం లేదు. అనపకాయలు, కందికాయలు బండ్ల మీదికొచ్చే కాలమిది. కిలో తెచ్చి ఉప్పేసి ఉడకబెట్టి గిన్నె ముందు పెడితే పిల్లాడు ఒలుచుకుంటూ గంట కూర్చుంటాడు, నాకూ మంచి తిండి. ముగ్గు ఇంకా నయం. నేను స్టూలు మీద కూర్చుని చెప్తుంటే తండ్రీకొడుకులు వాకిట్లో చుక్కలు పెట్టారు. తామర పువ్వు వేయమంటే కింద నాలుగు చక్రాలు గీసి ఆర్టీసీ బస్సన్నాడు. పక్కింటావిడ చూసి, "ఎక్కడికి పోతుందిరా మీ బస్సు?" అంది. "హాస్పిటల్‌కి" అన్నాడు.

ఆవిడే క్రిస్మస్‌నాడు గులాబీ పువ్వుల పిండివంట, కేకు పంపింది. కేకులో రమ్ము వేశారేమో నిర్మొహమాటంగా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. నాకు షుగర్ అంచు మీద ఉంది, అందుకే ఒక్క ముక్కతో ఆపాను. మిగతాది ఎవరు తిన్నారో మీసాల మీద పొడి చూస్తే తెలిసింది. సాయంత్రం వాళ్లింట్లో కట్టిన పశువుల పాక చూడ్డానికి వెళ్తే పెద్దోడు బాల యేసు బొమ్మని చూసి, "ఈ బాబు ఏ హాస్పిటల్ల పుట్టిండు?" అని అడిగాడు. పాకలోనే అని చెప్పాం. ఇంటికొచ్చాక మెల్లగా, "మన బేబీ పుట్టినప్పుడు నేను యాడ పడుకోవాలె?" అన్నాడు.

ఈ సెలవుల్లో మీరు చేయాల్సిన అసలు పని ఇదే. పిల్లాడు మీరు లేకుండా పడుకోవడం ఇప్పుడే అలవాటు చేయండి. నొప్పులు మొదలైన రాత్రి నేర్పలేరు. మేం 26 రాత్రి నుంచి వాణ్ణి నానమ్మ దగ్గర పడుకోబెట్టాం. మొదటిరోజు పదకొండున్నరకి ఏడ్చుకుంటూ మా గదికొచ్చాడు. తిప్పి పంపలేదు, పక్కన పడుకోబెట్టుకున్నాం, పొద్దున కూడా ఏమీ అనలేదు. రెండోరోజు అంచు చిరిగిన పసుపు దుప్పటి ఇచ్చి పంపాం, రెండింటికి వచ్చాడు. నాలుగోరోజు తెల్లారేదాకా పడుకున్నాడు. తర్వాత వారానికి రెండు రాత్రులు అలాగే సాగించాం. బేబీ వస్తుంది కాబట్టి నువ్వు అక్కడికి పో అని మాత్రం చెప్పకండి, ఆ కోపం బేబీ మీదికి పోతుంది. మేం నానమ్మకి చలేస్తోందట, తోడు కావాలట అన్నాం.

మార్చిలో రాత్రి రెండింటికి నేను లేచి చెప్పులేసుకుంటుంటే వాడు ఆ దుప్పట్లోనే ఉన్నాడు. పొద్దున అత్తమ్మ ఫోన్ చేసి, "పాలు తాగిండు, బడికి పోయిండు, నువ్వు నిమ్మళంగ ఉండు" అంది.

డిసెంబర్ 31 గురించి ఒక్కమాట. ఆ రాత్రి పోలీసులు ఊళ్లో చాలా ఫ్లైఓవర్లు మూసేస్తారు. మీ హాస్పిటల్ దారిలో ఫ్లైఓవర్ ఉంటే కింది దారి ముందే ఒకసారి వెళ్లి చూసి రండి. కారులో పెట్రోలు ఉండాలి, 108 నంబరు నానమ్మకీ తెలియాలి. రక్తం, ఉమ్మనీరు, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారనిద్దాం అనుకోవద్దు. మేం ఎనిమిదిన్నరకే కిటికీలు మూసి పడుకున్నాం. పన్నెండింటికి టపాకాయలకి కడుపులోది ఒక్క తన్ను తన్నింది.

చివరగా, ఒక్క షికారైనా మీరు లేకుండా జరగనివ్వండి. జనవరిలో నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలయ్యాక ఆదివారం తండ్రీకొడుకులే వెళ్లారు. ఆ జనంలో నాకేం పని? నాకోసం మిర్చి బజ్జీలు కట్టించుకొచ్చారు, వచ్చేసరికి చల్లారిపోయాయి. అప్పటికి నేను మూడు గంటలు ఏకధాటిగా నిద్రపోయి లేచి, టీ పెట్టుకుంటున్నాను.