తిరుపతి నుంచి డాలస్‌కి: టికెట్‌లో కనిపించని గంటలు

డాలస్‌కి కొత్తగా వచ్చే మన తిరుపతి, చిత్తూరు పిల్లలు ఇంట్లో చెప్పే ప్రయాణం లెక్క చాలాసార్లు తప్పుతుంది. నాదీ తప్పింది. చెన్నైలో ఆదివారం తెల్లవారుజామున 4కి విమానం, డాలస్‌లో అదే ఆదివారం సాయంత్రం 4కి దిగడం. టికెట్ చూసి అమ్మ పన్నెండు గంటలే అనుకుంది. సాయంత్రం నుంచి ఫోన్ పట్టుకుని కూర్చుంది. నేనింకా గాల్లోనే ఉన్నాను. ఆ రాత్రి ఆమెకు నిద్ర లేదు.

టికెట్ మీద వేసేది ఏ ఊరి టైం ఆ ఊరిదే. చలికాలంలో డాలస్ మన ఊరికంటే పదకొండున్నర గంటలు వెనక. ఇక్కడ సాయంత్రం 4 అంటే తిరుపతిలో సోమవారం తెల్లవారుజామున 3:30. చెన్నై నుంచి దుబాయ్ నాలుగుంపావు గంటలు, అక్కడ మూడు గంటలు ఆగడం, మళ్లీ పదహారుంపావు. మొత్తం ఇరవై మూడున్నర గంటలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి అప్పుడు తేడా పదిన్నరే.

చెన్నై, డాలస్‌ల మధ్య దగ్గరి దారి సుమారు 14,900 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం పెట్టి లాగి చూడండి, దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. రెండు ఊళ్లూ భూమికి చెరోవైపు ఉన్నాయి. పగలూ రాత్రీ తారుమారయ్యేది అందుకే. ఆ నిద్రమత్తు పోయేదాకా, దిగాక ఒకటి రెండు రోజులు కారు నడపకండి. దుబాయ్ మీదుగా సుమారు 15,850 కిలోమీటర్లు. చుట్టూ తిరిగినట్టు అనిపిస్తుంది గానీ పెరిగింది వెయ్యిలోపే.

ఇంట్లో చెప్పాల్సింది గడప నుంచి గడప దాకా లెక్క. శనివారం రాత్రి 9కి తిరుపతిలో బయలుదేరి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మీనంబాకంలోని చెన్నై విమానాశ్రయం చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. డాలస్‌లో ఇమ్మిగ్రేషన్, సామాను అయ్యి గదికి చేరేసరికి ఆదివారం సాయంత్రం 6:30, అంటే తిరుపతిలో సోమవారం ఉదయం 6. మొత్తం ముప్పై మూడు గంటలు. చిత్తూరు వాళ్లకు పలమనేరు, కోలారు మీదుగా బెంగళూరు విమానాశ్రయం కూడా వీలే. రేణిగుంట విమానాశ్రయం నుంచి హైదరాబాద్ వెళ్లి ఎక్కాలనుకుంటే మాత్రం అంతా ఒకే టికెట్‌గా తీసుకోండి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఆ ఖర్చు మీ నెత్తినే పడుతుంది.

అమ్మానాన్నలు వచ్చేటప్పుడు మధ్యలో గంటన్నర మాత్రమే ఉండే చౌక టికెట్ వద్దు. మూడు గంటలైనా ఉండాలి. వీల్‌చెయిర్ ముందే అడగండి, మొహమాటపడకండి. విమానంలో మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయమనండి, లేకపోతే కాళ్లు వాస్తాయి.

ఇంకొకటి, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా బాగాలేదని రాత్రిపూట ఫోన్ వస్తే, ఎంత డబ్బు పెట్టినా మీరు చేరడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. కాబట్టి తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో అరగంటలో వెళ్లగలిగిన పిన్నికొడుకునో పక్కింటి అన్ననో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. పాస్‌పోర్టు ఎక్కడుందో మీ రూమ్మేట్‌కి తెలియాలి. స్టూడెంట్లయితే కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం మీద, దేశం దాటి తిరిగి రావడానికి కావాల్సిన ట్రావెల్ సంతకానికి ఏడాది దాటిందేమో ఈ వారమే చూసుకోండి.