"ట్యాంక్ ఎవర్రా?" అంటే మైకులన్నీ మ్యూట్: సమస్య - పరిష్కారం

రాత్రి పదింటికి మా ఐదుగురం ఆన్‌లైన్ గేమ్ లాబీలో చేరతాం. ఇద్దరు గాజువాక, ఒకడు మధురవాడ, ఒకడు పెందుర్తి, నేను ఎంవీపీ కాలనీ. "ట్యాంక్ ఎవర్రా?" అనగానే ఒకణ్ణి వాళ్లమ్మ అన్నానికి పిలుస్తుంది, ఇంకొకడికి ఫోన్ వస్తుంది. గేమ్‌లో ట్యాంక్ అంటే అందరికన్నా ముందు నడిచి, శత్రువుల దెబ్బలు తన మీదికి తీసుకునేవాడు.

సమస్య: ఎవరూ ట్యాంక్ తీసుకోరు

కారణం దెబ్బల భయం కాదు. హెల్త్, కవచం అందరికన్నా ట్యాంక్‌కే ఎక్కువ. భయమంతా దారి గురించే. వైజాగ్ నుంచి అరకు బైకుల మీద వెళ్లినవాళ్లకు ఇది తెలుసు. ఎస్.కోట దాటాక టీకి ఎక్కడ ఆపాలో, బొర్రా గుహలకు ఎక్కడ తిరగాలో ముందు బండివాడే చూసుకోవాలి. వెనకవాళ్లు అదే దారిలో ఐదుసార్లు వెళ్లినా మలుపు గుర్తుండదు. వాడు తప్పు తిరిగితే మాత్రం ఏడాదంతా గుర్తుంటుంది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్‌లో డంజన్‌కు (ఐదుగురు కలిసి శత్రువులను చంపుకుంటూ సాగే చోటు) ఒక ట్యాంక్, ఒక హీలర్ (మిగతావాళ్ల హెల్త్ నింపేవాడు), ముగ్గురు డ్యామేజ్ (శత్రువులను కొట్టేవాళ్లు). డ్యామేజ్‌వాడు ఒకడు పోయినా మిగతా ఇద్దరు లాగించేస్తారు. ట్యాంక్ పడితే శత్రువులు హీలర్ మీద పడతారు, కాసేపట్లో వైప్, అంటే టీమంతా చస్తుంది. ఏ శత్రువుల గుంపును, ఎంతమందిని మీదికి లాగాలో (దీన్నే పుల్ అంటారు) తేల్చేది కూడా అలవాటుగా ట్యాంకే. 2011లో ఆ గేమ్ కాల్ టు ఆర్మ్స్ పేరుతో, తక్కువగా ఉన్న రోల్ తీసుకున్నవాళ్లకు అదనపు బహుమతులు పెట్టింది. బహుమతికి ఆశపడి చేరినా దారి తెలియాలి కదా.

అందుకే దారి చెప్పే పనిని ట్యాంక్ నుంచి విడదీయండి. పాత ఆటగాడు డ్యామేజ్‌లో ఉండి "ఎడమకి, ఆ ఇద్దర్ని వదిలెయ్" అని చెబుతుంటే, కొత్తవాడు శత్రువులను పట్టి ఉంచితే చాలు. ఒంటరిగా నేర్చుకోవాలంటే వార్‌క్రాఫ్ట్‌లో 2024 జనవరి నుంచి ఫాలోవర్ డంజన్లు ఉన్నాయి. మిగతా నలుగురూ కంప్యూటర్ ఆడించే పాత్రలే. ఫైనల్ ఫాంటసీ 14లో డ్యూటీ సపోర్ట్ కూడా ఇలాంటిదే. అక్కడ పదిసార్లు చచ్చినా అడిగేవాడు లేడు.

సమస్య: మొదటి పుల్‌లోనే శత్రువులు చెదిరిపోయారు

ఫైనల్ ఫాంటసీలో అయితే ముందు ట్యాంక్ స్టాన్స్ (శత్రువుల దృష్టిని ట్యాంక్ మీదే నిలిపే స్కిల్) ఆన్‌లో ఉందో లేదో చూడండి. నేనే రెండుసార్లు మర్చిపోయాను. అది సరిగ్గా ఉంటే తప్పు డ్యామేజ్‌వాళ్లది కావచ్చు. ట్యాంక్ ఒక్క దెబ్బ వేయకముందే పెద్ద స్కిల్ వదిలితే అగ్రో, అంటే శత్రువుల దృష్టి, వాళ్ల మీదికి పోతుంది. రెండు సెకన్లు ఆగమనండి. టాంట్ (శత్రువును రెచ్చగొట్టి తన మీదికి తిప్పుకునే స్కిల్) మొదట్లోనే ఖర్చు చేయకుండా, తప్పించుకుపోయినదాన్ని వెనక్కి లాగడానికి ఉంచుకోండి.

ట్యాంకే త్వరగా చస్తుంటే, రక్షణ స్కిల్స్ దాచుకుంటున్నాడేమో అడగండి. పండక్కి కొన్న చొక్కాలా బీరువాలో పెడితే లాభం లేదు. హెల్త్ పావువంతుకు దిగేదాకా ఆగకుండా, పెద్ద గుంపు మీద పడగానే ఒకటి వేయాలి. వార్‌క్రాఫ్ట్‌లో వెనక నుంచి వచ్చే దెబ్బను బ్లాక్ చేయడం (డాలుతో ఆపడం), పారీ చేయడం (ఆయుధంతో తప్పించడం) కుదరదు. కాబట్టి గుంపు మధ్యలో నిలబడొద్దు. అందరూ ఎదురుగా ఉండేలా వెనక్కి జరగాలి.

సమస్య: ఓవర్‌వాచ్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడి మానేశాడు

ఓవర్‌వాచ్ రెండు టీమ్‌ల షూటింగ్ గేమ్. 2022లో ఓవర్‌వాచ్ 2 వచ్చినప్పుడు టీమ్ ఆరుగురి నుంచి ఐదుగురికి తగ్గింది. ఇద్దరు ట్యాంకుల చోట ఒక్కరే మిగిలారు, తిట్లు పంచుకునే రెండో మనిషి లేడు. పైగా అవతల ఆడేది మనుషులు, అగ్రో లెక్కలు పనికిరావు. ఇక్కడ ట్యాంక్ పని చోటు పట్టుకోవడం. ఆ చోటు స్కోర్‌బోర్డులో కనిపించదు, చావులు మాత్రం కనిపిస్తాయి. నడిరోడ్డు వదిలి గోడ మూల పట్టుకోమనండి. పారిపోయేవాడి వెంట పడొద్దు, హీలర్ చూపు దాటి పోవద్దు. అపరిచితుల చాట్ ఆపేయమనండి.

సమస్య: నొక్కింది ఆలస్యంగా పడుతోంది

పింగ్, అంటే గేమ్ సర్వర్‌కు సిగ్నల్ వెళ్లి వచ్చే సమయం, ఎక్కువైంది. వైఫై మానేసి కేబుల్ పెట్టండి.

సమస్య: అన్నీ సరిచేసినా మళ్లీ రానంటున్నాడు

వైప్ అయిన వెంటనే మైకులో వినిపించిన మొదటి మాట ఏమిటో గుర్తు చేసుకోండి. "ఏట్రా, ఆ మాత్రం పట్టలేవా?" అని ఉంటే కారణం అదే. ట్యాంక్‌ను తిట్టినవాడే తర్వాతి రన్‌లో ట్యాంక్ అని మేం రూల్ పెట్టుకున్నాం. ఆ రూల్‌కు మొదట దొరికిపోయింది నేనే.