సీలియాక్ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చిందా? గోధుమ అప్పుడే మానిపించకండి

మాది కావలి. మా పాపకి ఏడేళ్లు. ఐరన్ సిరప్ ఎన్ని సీసాలు తాగించినా రక్తం పట్టలేదు, ఏడాదిగా బరువు పెరగలేదు. చివరికి సీలియాక్ ఉందేమోనని టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష రాశారు. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బే సీలియాక్. ఆ ల్యాబ్ లెక్కలో 20 లోపు ఉండాలి, పాపకి 86 వచ్చింది.

రిపోర్టు చూసినవాళ్లు "ఈ రోజు నుంచే గోధుమ బంద్" అన్నారు. మానిపించేశాం. రెండు వారాలకి చెన్నై వెళ్లి పిల్లల గ్యాస్ట్రో డాక్టరుకి చూపిస్తే, ఆవిడ అడిగిన మొదటి మాట, "గోధుమ తింటోందా?" అని. మానేసిందనగానే, మళ్లీ మొదలుపెట్టి తర్వాత రమ్మన్నారు. గ్లూటెన్ తింటూ ఉంటేనే పేగు దెబ్బతిన్న సంగతి పరీక్షలో తెలుస్తుంది. మానేస్తే పేగు కోలుకోవడం మొదలవుతుంది, జబ్బు ఉన్నా లేనట్టు కనిపించొచ్చు. ఆ ఒక్క తొందరపాటుకి మాకు వారాలు వృథా అయ్యాయి. మీకు అలా కాకూడదనే ఇది రాస్తున్నా.

మన ఇళ్లల్లో ఇంకో చిక్కుంది. పొద్దున దోసె, రెండుపూటలా అన్నం. గోధుమ మానకపోయినా అసలు తినేదే తక్కువ. అందుకని పాపకి రోజూ గుర్తుపెట్టుకుని పెట్టాను. పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, అదీ గోధుమే. స్కూలు బాక్సులో చపాతీ. కడుపునొప్పని ఏడ్చే బిడ్డకి అదే తినిపించడం నరకం. ఎంత పెట్టాలి, ఎన్నాళ్లు పెట్టాలి అన్నది మాత్రం డాక్టర్నే అడగండి.

తర్వాత ఏ పరీక్ష అన్నది ఆ టీటీజీ అంకెను బట్టి ఉంటుంది. పై హద్దుకి పది రెట్లు లేదా అంతకు మించి ఉంటే, మరోసారి రక్తం తీసి ఈఎంఏ అనే పరీక్ష చేస్తారు. అదీ పాజిటివ్ అయితే కొందరు పిల్లలకి బయాప్సీ (పేగు ముక్క తీసి పరీక్షించడం) లేకుండానే నిర్ధారిస్తారు. మా పాపది నాలుగు రెట్లే, కాబట్టి ఎండోస్కోపీ తప్పలేదు.

"పసిదానికి గొట్టం వేస్తారా?" అని మా అత్తయ్య ఒకటే కన్నీళ్లు. కోత ఉండదు, కుట్లు ఉండవు. మత్తు ఇచ్చి, నోట్లోంచి సన్నటి గొట్టం పంపి చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న చిన్న ముక్కలు తీస్తారు. పేగు అంతటా ఒకేలా దెబ్బతినదు గనక ఒక్క ముక్క చాలదు. కనీసం నాలుగు, పేగు మొదట్లోని బల్బు నుంచి ఇంకొకటి తీయాలి. ఎన్ని తీస్తారో ముందే అడగండి, అడగడం తప్పు కాదు. పరగడుపున ఎన్ని గంటలు ఉండాలో మత్తు డాక్టరు చెప్తారు, మంచినీళ్ల సంగతి కూడా అడిగి తెలుసుకోండి. మా పాప నా గాజులు లెక్కపెడుతూ తొమ్మిది దగ్గర నిద్రలోకి జారింది. లేచాక గొంతు నొప్పంది, సాయంత్రానికి పెరుగన్నం తింది.

వారంలో రిపోర్టు వచ్చింది, సీలియాకే. గోధుమ, మైదా, సేమ్యా, బార్లీ కలిసే మాల్ట్ పొడులు అన్నీ ఆ రోజే ఆపాం. ఇంగువ డబ్బా తిప్పి చూస్తే అందులోనూ గోధుమపిండి! థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు కూడా చేశారు. ఆరు నెలలకి మళ్లీ టీటీజీ చేయించాలి.

తోడబుట్టినవాళ్లకీ పరీక్ష చేయించండి, ఏ బాధా కనిపించకపోయినా సరే. మా బాబుకి టీటీజీతో పాటు మొత్తం ఐజీఏ కూడా చేయించాం. ఐజీఏ అంటే రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ. అది ఒంట్లో బాగా తక్కువుంటే టీటీజీ ఐజీఏ నెగటివ్ వచ్చినా నమ్మడానికి లేదు.