ఏళ్ల తరబడి మూలనపడిన పడవ మోటారును మళ్లీ నడిపించడం ఎలా?

శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఎండాకాలంలో నీరు తగ్గి సంగమేశ్వర ఆలయం బయటపడే నాటికి, కర్నూలు వైపు వెనుక జలాలు చాలా దూరం వెనక్కి జరిగిపోతాయి. వానలు వరుసగా ముఖం చాటేసిన ఏళ్లలో కడప జిల్లా మైలవరం వంటి జలాశయాల దగ్గరా ఇదే పరిస్థితి. పడవ వెనుక బిగించే మోటారు అలాంటప్పుడు ఇంటి చావడిలోనో పశువుల పాకలోనో రెండు మూడేళ్లు పడి ఉండటం వింతేమీ కాదు. కృష్ణకు వరద వచ్చిందన్న కబురు తెలియగానే దాన్ని బయటికి తీసి, దుమ్ము దులిపి, పెట్రోలు పోసి, వెంటనే ఇంజనును స్టార్టు చేసే తాడు లాగుతారు. మోటారుకు అన్నేళ్ల విశ్రాంతి చేయని చెరుపును ఆ తొందర ఒక్క పూటలో చేయగలదు. తాడు లాగడం ఈ పని మొత్తంలో చిట్టచివర రావాలి.

మొదట సిలిండరు సంగతి చూడాలి. ఇంజను ఆగిపోయిన రోజున పిస్టన్ మీద ఉన్న పలుచటి నూనె పొర ఇన్నేళ్లలో జారిపోయి, తేమ తగిలిన చోట సన్నటి తుప్పు పట్టి ఉంటుంది. పొడిగా ఉన్న సిలిండరులో పిస్టన్‌ను బలవంతంగా కదిలిస్తే ఆ తుప్పు రింగులను, గోడలను గీస్తుంది. అందువల్ల నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు విప్పి, మోటారును నీళ్లలోంచి పైకి లేపినట్టు వంచి పెట్టాలి. ఎక్కువ మోటార్లలో అప్పుడు ప్లగ్గు రంధ్రాలు పైకి తిరుగుతాయి. ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజను నూనె పోసి ఒక రాత్రి అలాగే వదిలేయాలి. మరునాడు రంధ్రాల మీద గుడ్డ కప్పి, పైనున్న బరువైన చక్రాన్ని, అంటే ఫ్లైవీలును, చేత్తో నెమ్మదిగా, ఇంజను మామూలుగా తిరిగే దిశలోనే తిప్పాలి. వెనక్కి తిప్పితే కింద నీటి పంపులోని రబ్బరు రెక్కలు మడతపడతాయి. కదలకపోతే తుప్పు విడిపించే నూనె పోసి మరికొన్ని రోజులు ఓపిక పట్టాలి తప్ప, గొట్టం తగిలించిన పానాతో బలప్రయోగం చేయరాదు.

సముద్ర తీరం నుంచి పాత మోటారు కొని తెచ్చుకున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మన జలాశయాల మంచినీటిలో తిరిగిన మోటారు బోల్టులు మామూలుగానే ఊడివస్తాయి గాని, ఉప్పునీటిలో తిరిగినవి అల్యూమినియంలో కరుచుకుపోయి, పానా వేయగానే తల విరిగిపోతాయి. వాటికి నూనె పట్టించి, కొద్దిగా వేడి చూపించి, ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెంగా కదిలిస్తూ విప్పాలి. వేడి చూపే ముందు పెట్రోలు ట్యాంకు, పైపులు అక్కడి నుంచి దూరంగా తీసేయాలి.

ఇంధనం విషయంలో పిసినారితనం పనికిరాదు. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలును పూర్తిగా తీసివేయాలి. కొత్త పెట్రోలు కలిపి సరిపెట్టడం పొరపాటు. నలభై డిగ్రీలు దాటే మన ఎండలకు పెట్రోలులోని తేలిక భాగం ఆవిరైపోయి, మిగిలినది జిగురుగా మారుతుంది. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే ఆ నీటితో కలిసి ట్యాంకు అడుగున వేరుగా నిలుస్తుంది, పాత రకం రబ్బరు పైపులను మెత్తబరచి పగిలేలా చేస్తుంది. కాబట్టి పైపును, చేత్తో నొక్కే రబ్బరు బల్బును వంచి చూసి, ఎక్కడ సన్నటి చీలిక కనిపించినా మార్చడమే మంచిది. పైపులోకి గాలి చొరబడితే మోటారు స్టార్టయి, నిమిషం నడిచి, నడి నీటిలో ఆగిపోతుంది.

పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటరును విప్పక తప్పదు. అడుగు గిన్నెలో గోధుమరంగు జిగురు పేరుకుని ఉంటుంది. పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రాల జెట్‌లను విప్పి, కార్బొరేటరు క్లీనరులో నానబెట్టి, గాలి ఊది, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని రంధ్రం గుండ్రంగా కనిపిస్తున్నదో లేదో చూడాలి. ఇనుప తీగ, గుండుసూది లోపలికి దూర్చరాదు. రంధ్రం ఏమాత్రం పెద్దదైనా ఇంధనం కొలత శాశ్వతంగా తప్పుతుంది. గిన్నెలో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే తేలుడు బుడ్డి, అంటే ఫ్లోటు, స్వేచ్ఛగా లేస్తున్నదో లేదో చూసి, గాస్కెట్ కొత్తది వేసి బిగించాలి.

టూ స్ట్రోక్ మోటారుకు నూనె కలిపే నిష్పత్తి దాని పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి. యాభైకి ఒకటి అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. చాలా పాత మోటార్లకు లీటరుకు 40 మిల్లీలీటర్ల దాకా అవసరమవుతుంది. స్కూటర్లకు వాడే టూటీ నూనె గాలితో చల్లబడే ఇంజన్లకు ఉద్దేశించినది. నీటితో చల్లబడే పడవ మోటారుకు టీసీ-డబ్ల్యు3 అని రాసి ఉన్న నూనెనే కొనాలి. ఫోర్ స్ట్రోక్ అయితే పెట్రోలులో ఏమీ కలపకూడదు గాని, ఇంజను నూనెను నడపకముందే మార్చాలి.

ప్లగ్గు కొత్తది వేస్తే సగం సందేహాలు తీరిపోతాయి. నిప్పురవ్వ రాకపోతే ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్‌ను అనుమానించే ముందు, మోటారును ఆపే ఎర్ర తాడు క్లిప్పు దాని స్థానంలో ఉందో లేదో చూడాలి. అది లేకుండా ఎంతసేపు తాడు లాగినా రవ్వ రాదు. రవ్వ వస్తున్నదో లేదో చూసే ఈ పరీక్ష పెట్రోలు వాసన లేని చోటే చేయాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ నీటి పంపుకు కావాలి. కింది కాలులో ఉండే రబ్బరు ఇంపెల్లరు ఏళ్ల తరబడి ఒకే స్థితిలో నొక్కుకుపోయి, రెక్కలు వంగి గట్టిపడి ఉంటాయి. చూడటానికి బాగున్నా దాన్ని మార్చేయడమే నా సలహా, ఎందుకంటే దాని ఖరీదు మాడిపోయిన పిస్టన్ ఖరీదుతో పోలిస్తే ఏపాటిది కాదు. వరద నీటితో వచ్చే ఒండ్రు చల్లబరిచే మార్గాలలో పేరుకుని గట్టిపడుతుంది కనుక, పంపు విప్పినప్పుడే ఆ మార్గాలను మంచినీటితో కడగాలి. పక్కనుంచి నీటి ధార చిమ్మే చిన్న రంధ్రంలో కందిరీగలు మట్టి గూళ్లు కడతాయి; దాన్ని సన్నటి నైలాన్ తీగతో శుభ్రం చేయాలి.

తరువాత నీటిలో తిరిగి పడవను నెట్టే ఫ్యాను ఊడదీయాలి. మన జలాశయాలలో వలల దారపు ముక్కలు ఎప్పుడూ తేలుతూనే ఉంటాయి. నైలాన్ దారం ఫ్యాను వెనుక ఇరుసుకు చుట్టుకుని, తిరిగిన కొద్దీ బిగిసి, నూనెను ఆపే సీలును కోసేస్తుంది. ఆ దారం పైనుంచి కనిపించదు, ఫ్యాను తీస్తేనే తెలుస్తుంది. గేరు పెట్టె అడుగు స్క్రూ, పై స్క్రూ విప్పి పాత నూనెను కారనిస్తే విషయం బయటపడుతుంది: నూనె మజ్జిగలా తెల్లగా వస్తే లోపలికి నీరు చేరినట్టే. సీలు మార్చకుండా కొత్త నూనె పోయడం వృథా. కొత్త గేరు నూనెను అడుగు రంధ్రం నుంచే, పై రంధ్రంలో కారేదాకా ఎక్కించి, ముందు పై స్క్రూ బిగించి, ఆపై అడుగుది వేయాలి. రెండింటికీ కొత్త వాషర్లు వాడాలి.

ఇప్పుడు స్టార్టు చేయవచ్చు. ఫ్యాను తగిలించకుండా, మోటారును పెద్ద డ్రమ్ములో దించి, నీటి పంపు పూర్తిగా మునిగేలా నీళ్లు నింపాలి. నీళ్లు లేకుండా క్షణం నడిపినా కొత్త ఇంపెల్లరు పాడవుతుంది. ఇది ఆరుబయటే చేయాలి. మూసిన గదిలో పొగ ప్రాణాంతకం. ట్యాంకు మూత గాలి మర తెరిచి, బల్బు గట్టిపడేదాకా నొక్కి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చోక్ లాగి, తాడును ముందు మెల్లగా పట్టు దొరికేదాకా, ఆపై ఒక్క ఊపున లాగాలి. సిలిండరులో పోసిన నూనె వల్ల మొదట దట్టమైన పొగ వస్తుంది, దానికి కంగారు పడనక్కరలేదు. చూడవలసినది పక్కనున్న నీటి ధారను. అర నిమిషంలోపు ధార రాకపోతే వెంటనే ఆపి, పంపును మళ్లీ విప్పాలి. ధార నిలకడగా వస్తే పది పదిహేను నిమిషాలు తక్కువ వేగంతో నడిపి, చల్లారాక ఫ్యాను తగిలించి, బోల్టులన్నీ మరోసారి బిగించాలి.

తొలి ప్రయాణంలో ఒడ్డు దాటి దూరం పోకుండా, తెడ్లు, లైఫ్ జాకెట్లు వెంట ఉంచుకుని, గాలి లేని ఉదయం పూట తిరగాలి. కొన్ని గంటలు నడిచాక గేరు పెట్టె అడుగు స్క్రూను కొద్దిగా వదులు చేసి, రెండు చుక్కల నూనె కారనిచ్చి, రంగు చూడాలి. అందులో తెలుపు కనిపిస్తే సీలు సరిగ్గా కూర్చోలేదన్నమాట, దాన్ని మార్చేదాకా మోటారును నీటిలో దించకూడదు.