ఉప్పునీళ్ల ఊళ్లో ఉంగరాల జుట్టు

ఉంగరాల జుట్టు ఉన్నవారిలో చాలామందికి తమది ఉంగరాల జుట్టని తెలియదు. ఊరికే చిక్కుపడే, ఎండుగడ్డిలా లేచి నిలబడే మొండి జుట్టని మాత్రమే తెలుసు. హన్మకొండలో నేను బడికి వెళ్లే రోజుల్లో మా అమ్మ ప్రతి ఉదయం ఆరిన జుట్టును సన్నపళ్ల దువ్వెనతో కుదుళ్ల నుంచి కొసల దాకా లాగి, అరచేతి నిండా కొబ్బరినూనె పట్టించి, రెండు జడలు బిగించి, రిబ్బన్లు కట్టి పంపేది. ఆదివారం తలంటిన తర్వాత జుట్టు ఆరుతూ చుట్టలు తిరుగుతుంటే, చిక్కుపడుతోందనుకొని మళ్లీ దువ్వేది. దువ్విన ప్రతిసారీ చుట్టలు విడిపోయి, ఏ వెంట్రుకకు ఆ వెంట్రుక వేరై, తల రెండింతలు ఉబ్బేది. తప్పంతా ఆ దువ్వెనలోనూ తల కడిగిన బోరు నీళ్లలోనూ ఉందని తెలుసుకునేసరికి నాకు ముప్పై ఏళ్లు దాటాయి.

వెంట్రుక చుట్ట తిరగడానికి కారణం చర్మం కింద ఉన్న కుదురే. నిటారు వెంట్రుక మొలిచే కుదురు తిన్నగా ఉంటే, ఉంగరాల వెంట్రుక మొలిచే కుదురు కొక్కెంలా వంగి ఉంటుంది. అడ్డంగా కోసి చూస్తే మొదటిది దాదాపు గుండ్రంగా, రెండోది కోలగా కనిపిస్తుంది. మాడులో ఊరే నూనె నిటారు వెంట్రుక మీదుగా సులువుగా కిందికి జారుతుంది గానీ, మలుపు మలుపుకూ ఆగిపోవలసిన చోట కొసల దాకా చేరదు. ఒకే తలలో మాడు జిడ్డుగానూ కొసలు పీచులానూ ఉండటం ఇందువల్లే. ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రొటీన్ పోగులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తడిసినప్పుడు తెగిపోయి, ఆరేటప్పుడు తిరిగి ఏర్పడతాయి; అంటే జుట్టు ఏ ఆకారంలో ఆరుతుందో, మళ్లీ తడిసేదాకా దాదాపు ఆ ఆకారాన్నే నిలుపుకుంటుంది. కాబట్టి చిక్కు తీయడం, పాయలు చేయడం, జెల్ రాయడం వంటి పనులన్నీ నీరు కారుతున్న జుట్టుపైనే ముగించాలి, ఆరుతున్నంతసేపు చేయి పెట్టకూడదు. ఇక ముందు చెప్పబోయేదంతా ఈ ఒక్క సూత్రం మీద ఆధారపడినదే.

అన్నిటికంటే ముందు మీ ఇంటి నీళ్లను పరీక్షించండి. వరంగల్ చుట్టుపక్కల నేల ఎక్కువగా గ్రానైటు రాతినేల. చాలా కాలనీల్లో బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. బకెట్ల అంచులకు, నల్లా మూతికి పట్టే తెల్లని పొర అదే, తల కడిగిన ప్రతిసారీ వెంట్రుకలకు పట్టేదీ అదే. సగం నింపిన సీసాలో ఒంటి సబ్బు తురుము కొంచెం వేసి బాగా ఊపండి. నురగ నిండుగా వస్తే నీళ్లు మంచివి. నురగ రాకుండా నీళ్లు పాలలా విరిగినట్టయితే అవి ఉప్పునీళ్లు, అంటే ఈ లవణాలు ఎక్కువగా ఉన్న కఠిన జలాలు. ఈ పరీక్షకు షాంపూ పనికిరాదు, ఎందుకంటే ఉప్పునీళ్లలోనూ అది ఎంతో కొంత నురగనిస్తుంది. ఒంటి సబ్బుతో తల రుద్దుకునే అలవాటు ఇంకా ఉన్నవారు మాత్రం ఆ సీసాలోని తెట్టును ఒకసారి గమనించాలి. మీ జుట్టులో జిగటగా మిగిలేది ఆ తెట్టే.

ఉప్పునీళ్లు వచ్చే ఇంట్లో కూడా దీనికి ఉపాయాలున్నాయి. మిషన్ భగీరథ నల్లా వచ్చే ఇళ్లలో తలస్నానం రోజుకు ఒక పెద్ద బకెట్ నిండా ఆ నీళ్లు పట్టి ఉంచుకుంటే చాలు. మొదటి తడుపు బోరు నీళ్లతో చేసినా, చివరి కడుగు నల్లా నీళ్లతో చేయాలి. అది లేనివారు బోరు నీళ్లను పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, అడుగున పేరుకున్న తెల్లని మడ్డిని కదపకుండా పైనీటిని వంచుకోవచ్చు. దీంతో కాఠిన్యం పూర్తిగా పోదు గానీ కొంత తగ్గుతుంది. నెలకొకసారి, లీటరు నీళ్లలో ఒక చెంచా నిమ్మరసం కలిపి కొసల మీదుగా పోసి, రెండు నిమిషాల తర్వాత బాగా కడిగితే పేరుకున్న పొర కొంత వదులుతుంది. అయితే నిమ్మరసం చర్మంపై ఉండగా ఎండలోకి వెళ్తే మచ్చలు, బొబ్బలు వచ్చే ప్రమాదముంది కనుక మెడ, నుదురు కూడా కడుక్కోవాలి. షాంపూ సీసా వెనక ఈడీటీఏ అనే మాట కనిపిస్తే, లవణాలను పట్టుకొని పోయే పదార్థం అందులో ఉన్నట్టు లెక్క.

తలస్నానానికి ముందు నూనె పెట్టే మన అలవాటు మంచిదే. మార్చుకోవలసినది దాని వేళను మాత్రమే. కొబ్బరినూనెకు వెంట్రుక లోపలికి ఇంకే గుణం ఉంది, కడిగేటప్పుడు వెంట్రుక ప్రొటీన్‌ను కోల్పోవడాన్ని అది తగ్గిస్తుంది. కాబట్టి కడగడానికి రెండు గంటల ముందో, ముందు రోజు రాత్రో రెండు మూడు చెంచాల నూనెను నడిమి నుంచి కొసల దాకా పట్టించాలి. తలస్నానం తర్వాత అరచేతి నిండా పెట్టే నూనె మాత్రం చుట్టలను బరువుతో కిందికి లాగి, దుమ్మును పట్టి ఉంచుతుంది. చుండ్రు ఉన్నవారు మాడుకు నూనె మర్దన మానుకోవాలి. చుండ్రుకు సంబంధించిన శిలీంధ్రానికి నూనెలే ఆహారం.

షాంపూ వారానికి ఒకటి రెండు సార్లు చాలు, అదీ మాడుకు మాత్రమే. జారే నురగ కొసలను శుభ్రం చేయడానికి సరిపోతుంది. సీసాపై సోడియం లారిల్ సల్ఫేట్ ముందు వరుసలో ఉంటే అది ఘాటైనదని, కోకామిడోప్రోపైల్ బీటైన్ వంటివి ప్రధానంగా ఉంటే మృదువైనదని గ్రహించాలి. కుంకుడుకాయలు వాడేవారు ఎనిమిదో పదో కాయల గింజలు తీసేసి, వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిసికి, పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. ఉంగరాల మధ్య ఇరుక్కున్న కుంకుడు పిప్పిని ఏరుకోవడం ఒక పూట పని. నాకు ఆ అనుభవం చాలాసార్లు అయింది. కుంకుడు రసం జిడ్డును పూర్తిగా లాగేస్తుంది కనుక, నా లెక్కలో అది రెండు వారాలకోసారి సరిపోతుంది. మే నెలలో చెమటకు రోజూ తల తడపాలనిపించినప్పుడు షాంపూ లేకుండా, వట్టి నీళ్లతో మాడును వేళ్లతో రుద్ది, కొసలకు కొద్దిగా కండిషనర్ రాస్తే చాలు.

చిక్కు తీయవలసిన సమయం కండిషనర్ రాసిన తర్వాతే. మాడును వదిలి, చెవుల కింది నుంచి కొసల దాకా ధారాళంగా పట్టించి, జుట్టును నాలుగు భాగాలు చేసి, ముందు వేళ్లతో, తర్వాత పెద్దపళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి బెత్తెడు బెత్తెడుగా పైకి పోవాలి. కుదుళ్ల నుంచి కిందికి లాగితే చిన్న చిక్కులన్నీ ఒకచోట ముడిపడి వెంట్రుకలు తెగుతాయి. ఈ దశలో చేతిలోకి వచ్చే కుచ్చును చూసి చాలామంది భయపడతారు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. నిటారు జుట్టువారికి అవి ఏ రోజువి ఆ రోజు దిండుపైనో దువ్వెనలోనో కనిపిస్తాయి, ఉంగరాల జుట్టులో చుట్టలకు చిక్కుకొని ఆగి, కడిగే రోజున వారం రోజులవీ ఒక్కసారిగా బయటపడతాయి. బిళ్లలు బిళ్లలుగా ఊడినా, పాపిట నానాటికీ వెడల్పవుతున్నా చర్మవైద్యులను కలవాలి. పిల్లల తలలో పేలుంటే ఈ కండిషనర్ తడిలోనే ఈపి దువ్వెన వాడడం మేలు. పొడి జుట్టులో ఆ దువ్వెన పెట్టడం పసివాళ్లను ఏడిపించడానికి తప్ప దేనికీ కాదు.

ఇప్పుడు జెల్ సంగతి. దుకాణంలో కొన్నది వాడవచ్చు గానీ, కిరాణా కొట్టులో దొరికే అవిసె గింజలతో ఇంట్లో చేసుకున్నదే నాకు ఎక్కువ నచ్చింది. పావు కప్పు గింజలకు రెండు కప్పుల మంచినీళ్లు పోసి, మధ్యస్థమైన మంటపై అడుగంటకుండా కలుపుతూ ఉడికించాలి. ఏడెనిమిది నిమిషాలకు పైన తెల్లని నురగ కట్టి, గరిటె ఎత్తితే కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంది; అప్పుడే దించాలి. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే గింజల నుంచి విడదీయలేనంత చిక్కబడుతుంది. చల్లారనివ్వకుండా వెంటనే పలుచని గుడ్డలోనో పాత నైలాన్ మేజోడులోనో పోసి, వేడి తగ్గుతుండగా పిండుకోవాలి. ఫ్రిజ్‌లో వారం రోజులు నిలుస్తుంది. పుల్లని వాసన వస్తే పారబోయాలి. ఎక్కువ చేసుకున్నవారు ఐసు ట్రేలో గడ్డకట్టించి, వాడే ముందు రోజు రెండు ముక్కలు కరిగించుకోవచ్చు. బెండకాయ, మందారాకు జిగురు కూడా పనిచేస్తాయి గానీ పట్టు తక్కువ.

కండిషనర్ కడిగాక తువ్వాలతో తుడవకుండా, నీరు కారుతుండగానే తల వంచి, ఒక్కో పాయను రెండు అరచేతుల మధ్య ఉంచి పైనుంచి కిందికి జెల్ రాయాలి. తర్వాత కొసలను దోసిట్లోకి తీసుకొని మాడు వైపు నొక్కి వదలాలి. బురదలో నడిచినప్పటి చప్పుడు వినిపిస్తే తడి సరిపోయినట్టు. వినిపించకపోతే ఇంకో చెంబెడు నీళ్లు చల్లుకోవాలి. పాత నూలు టీషర్టును మంచంపై పరిచి, వంచిన తలను దాని నడుమ ఉంచి, టీషర్టు చేతులను మెడ వెనక ముడి వేసి పావుగంట ఉంచితే అదనపు నీరు పీల్చుకుంటుంది. గరుకు తువ్వాలతో రుద్దితే వెంట్రుకల పైపొర లేచి, అంతవరకు చేసిన పని వృథా అవుతుంది.

ఆరబెట్టే చోటు కూడా చూసుకోవాలి. మన ఊళ్లలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రతి ఇంట్లో కూలర్ తిరుగుతూనే ఉంటుంది. దాని ముందు కూర్చుంటే హాయిగా ఉంటుంది గానీ అది వదిలేది తేమ గాలి, పైగా వేగమైన గాలి. దాని ఎదుట ఆరిన జుట్టు పొగమబ్బులా రేగుతుంది. మరో గదిలో ఫ్యాను కింద, నెమ్మదిగా ఆరనివ్వాలి. డ్రయ్యర్ వాడితే గాలిని నలుదిక్కులా చెదరగొట్టే డిఫ్యూజర్ మూతి తగిలించి, తక్కువ వేడిలో, తక్కువ గాలితో కదపకుండా పట్టుకోవాలి. పూర్తిగా ఆరేసరికి జుట్టు అప్పడంలా పెళుసుగా తగులుతుంది. కొత్తవారు ఇక్కడే హడలిపోయి మళ్లీ కడిగేస్తారు. ఆ గట్టిదనం జెల్ పొర మాత్రమే. చేతులకు రెండు చుక్కల నూనె రాసుకొని కొసలను మెల్లగా నలిపితే పొర విరిగి, మెత్తని చుట్టలు మిగులుతాయి. మధ్యలో తడి ఉండగా నలిపితే మాత్రం చెదిరిపోతాయి.

రాత్రి పడుకునేటప్పుడు జుట్టును నడినెత్తిపై వదులుగా ముడి వేసుకొని, చిరిగిన పట్టుచీర ముక్కతో కుట్టిన దిండు గలీబు వాడితే ఒరిపిడి తగ్గుతుంది. మరునాడు ఉదయం స్ప్రే సీసాతో నీళ్లు చల్లి, అణిగిన చుట్టలను వేలికి చుట్టి వదిలితే మళ్లీ తిరుగుతాయి. వానాకాలంలో గాలిలోని తేమకు జుట్టు ఉబ్బుతుంది కనుక జెల్ కొంచెం ఎక్కువగా రాయాలి. తేమను లాగే గ్లిజరిన్ ఎక్కువగా ఉన్న సరుకులను ఆ రోజుల్లో పక్కన పెట్టడమే మంచిది.

సద్దుల బతుకమ్మకు ముందు రోజు సాయంత్రమే కడిగి జెల్ పట్టించుకుంటే, పండుగ వేళకు చుట్టలు స్థిరపడతాయి. జడ వేయక తప్పకపోతే తడిగా ఉన్నప్పుడే మూడు పాయలు వదులుగా అల్లుకోవాలి, ముంగురులను లాగి నూనెతో అణచకూడదు. ఏళ్ల తరబడి బిగించిన జడలవల్ల కణతల దగ్గర జుట్టు శాశ్వతంగా పలుచబడవచ్చు. దానికి తోడు మూరల కొద్దీ చామంతి దండ బరువు కూడా కుదుళ్లపైనే పడుతుంది. దండను జడకు కట్టకుండా కొప్పు చుట్టూ పిన్నులతో నిలిపితే బరువు పంచుకుంటుంది.

స్ట్రెయిట్నింగ్ గురించి ఎక్కువ చెప్పను. కొంచెం తడి ఉన్నా వేడి పలకలు పెట్టకూడదు, లోపలి నీరు ఆవిరై వెంట్రుక పగులుతుంది. కెరాటిన్ పేరుతో చేసే కొన్ని చికిత్సల్లో వేడికి ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన వాయువు వెలువడుతుంది కనుక, సీసాపై పదార్థాలు చదవనివ్వని పార్లర్ నుంచి లేచి రావడం మంచిది.

చివరగా కత్తిరింపు. ఉంగరాల జుట్టు ఆరాక పొట్టిగా కనిపిస్తుంది. తడిపి, దువ్వి, భుజాల దాకా ఉంచి కత్తిరించిన జుట్టు ఇంటికి వచ్చేసరికి చెవుల దగ్గరకు చేరడం ఇందుకే. కటింగ్‌కు వెళ్లే రోజు చుట్టలు పూర్తిగా ఆరిన జుట్టుతో వెళ్లి, తడపకుండానే, ఒక్కో చుట్టను చూసి కొసలు తీయమని అడగాలి. అలా చేయడం అలవాటు లేదంటే, మీకు కావలసిన పొడవుకంటే మూడు వేళ్లు కిందనే ఆపమని ముందే చెప్పాలి. ఎక్కువైతే వచ్చే వారం మళ్లీ తీయించుకోవచ్చు.