‘క’ బదులు ‘త’: మా పాపకి పనిచేసిన టాబ్లెట్ ఆట

మా పాపకి నాలుగేళ్లు దాటినా కుక్క ‘తుత్త’, కాకి ‘తాతి’. స్పీచ్ థెరపిస్టు దగ్గర విడిగా ‘క’ పలికేది, ఇంట్లో ప్రాక్టీసంటే మూతి ముడిచేది. బొమ్మల కార్డులు, అద్దం, చాక్లెట్ లంచం, ఇంగ్లీషు మాటల యాప్‌లు అన్నీ అయిపోయాయి. (చాలా యాప్‌లు ఏం పలికినా చప్పట్లు కొడతాయి, అదో గొడవ.)

చివరికి పనిచేసింది టాబ్లెట్‌లో ఉండే మామూలు గ్యాలరీ, వాయిస్ రికార్డరే. ఒక్క అక్షరమే తేడా ఉన్న జంటలు తీసుకున్నాను: కోట–తోట, కాళ్లు–తాళ్లు, కట్ట–తట్ట. గోల్కొండ కోట, మామిడి తోట పక్కపక్కన ఒకే ఫొటోగా అతికించాను. మిగతావీ అంతే.

ముందు నేను అంటాను, తను ముట్టుకుంటుంది. తేడా చెవికి అందాక తారుమారు: తను అంటుంది, నేను విన్నదే ముట్టుకుంటాను. కోట అనబోయి ‘తోట’ అంటే నా వేలు తోట మీదికే. “అది తాదు!” అని ఒకటే కోపం. నేను సరిదిద్దలేదు, ‘మళ్లీ చెప్పు’ అనీ అనలేదు. తనే గొంతు దగ్గర్నుంచి ‘క్కోట’ అని లాగింది. వెంటనే వేలు కోట మీదికి! రికార్డింగ్ ఆ తర్వాతే: తన గొంతు తనే వినడం, నచ్చకపోతే చెరిపేయడం.

యూట్యూబ్‌లోకి జారిపోకుండా స్క్రీన్ పిన్నింగ్ (తెరిచిన యాప్ దాటి పోనివ్వని ఆండ్రాయిడ్ సెట్టింగ్) పెట్టాను. ఐప్యాడ్‌లో అయితే ఆ పనికి గైడెడ్ యాక్సెస్.

హడావిడిగా మాట్లాడితే ఇంకా తప్పుతుంది. విడిగా ‘క’ అసలు రాని పిల్లలకి ఇది పనిచేస్తుందనుకోను, ముందు ఆ శబ్దం థెరపిస్టే రప్పించాలి. నత్తి సంగతి వేరు. వినికిడి పరీక్ష చేయించకపోతే మాత్రం ముందు అది చూడండి.