బైబిల్లోని హెబ్రీ పత్రిక 9వ అధ్యాయం నేల మీద గీసి చెప్పండి

పెరంబూరు ఇంటి కూడికల్లో చోటు తక్కువ కాబట్టి ఈ కొలత సరిపోతుంది. సుద్దముక్కతో ప్రత్యక్ష గుడారాన్ని, అంటే మోషే కాలపు ఆరాధన గుడారాన్ని, ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుతో గీయండి. గీతలో ఒక అడుగు అంటే అసలు గుడారంలో అయిదు మూరలు. పడమటి చివర రెండడుగులు అతిపరిశుద్ధ స్థలం, అందులో మందసం (నిబంధన పెట్టె). అడ్డంగా తెర. తెరకి ఇవతల ధూపవేదిక, ఉత్తరాన రొట్టెల బల్ల, దక్షిణాన దీపవృక్షం.

ముందు లేవీయకాండం 16 చదివించండి: ప్రధాన యాజకుడు తెర దాటేది ఏడాదికి ఒక్క రోజే, అదీ రక్తంతో. తర్వాత హెబ్రీ 9:11-12, 24. క్రీస్తు వెళ్ళింది పరలోకంలోకే, స్వరక్తంతో, ఒక్కసారే.

జనం తడబడేది ఒకచోట: యాజకులు లేవీ గోత్రం వాళ్ళు కదా, యూదా గోత్రికుడైన యేసు యాజకుడెలా అవుతాడు? కీర్తన 110:4, హెబ్రీ 7 తెరిచి మెల్కీసెదెకు (అబ్రాహాము కాలపు రాజు, యాజకుడు) క్రమం చూపించండి. ఇది దాటేస్తే పాఠం నిలబడదు. పరలోక గుడారానికి మాత్రం కొలతలు గీయొద్దు. పత్రికలో అవి లేవు.